మగ్గం గుంజకు డాక్టరు చీటీ

నాలుగేళ్ల కిందట తలనొప్పికి స్కాన్ తీస్తే, నా మెదడులో రక్తనాళాలు చిన్న ఉండలా చుట్టుకుని ఉన్నాయని తేలింది. గద్వాలలో నేనూ మా ఆవిడా ఒకే మగ్గం మీద చీరలు నేస్తాం. పోగు తెగితే తప్పు నాది, తిట్లు ఆమెవి. తిడితే ఆ ఉండ చిట్లుతుందని హడలిపోయి ఆరు నెలలు ఆమె నోరెత్తలేదు. నేనూ దర్జాగా పోగులు తెంపాను.

మళ్లీ చూపించుకుంటే డాక్టరు, "పుట్టుకతో ఉన్నదే, పెరగలేదు. కోపతాపాలతో దీనికి సంబంధం లేదు," అన్నాడు.

"గీ మాట చీటీ మీద రాసియ్యండి సారూ. లేకుంటే ఈయన నమ్మడు," అంది మా ఆవిడ.

ఆ చీటీని మగ్గం గుంజకు అంటించి, దిగమింగిన తిట్లన్నీ ఒక్క పూటలో కక్కేసింది.

ఏటా స్కాన్‌కు వెళ్లే పొద్దున మాత్రం మెత్తగా మాట్లాడుతుంది, నా చెయ్యి వదలదు. రిపోర్టు బాగుందని డాక్టరు అనగానే నాకు భయం పట్టుకుంటుంది.