అంగీల బొంత

జూలూరుపాడు వెళ్లే బస్సులో నా పక్క సీటామె బొంతకు ముక్కలు కుడుతోంది. రెండు ముక్కలు జతచేసి, దారం తెంపకుండానే తర్వాతి జత అందుకుంటోంది. జతలన్నీ తోరణంలా ఒడిలోకి జారుతున్నాయి.

"తెంపుకుంట, ముడేసుకుంట కూసుంటే ఎప్పటికైతది? గిట్లయితే జల్దీ ఒడుస్తది," అంది.

ఆమె నుదుట బొట్టు లేదు. ముక్కలన్నీ మగవాళ్ల చొక్కాలవే.

"పోయినవాళ్ల బట్టలు బొంతలో వేయకూడదు కదమ్మా?" అన్నాను.

"సచ్చిండని ఎవలన్నరు? మా ఆయన మధిరల ఇంకొకామెతోని ఉంటుండు. దసరాకు అంగీల కోసం వస్తడంట." సూది ఆగలేదు. "బొంత కప్పుకొని పొమ్మంట."

ఇప్పుడు ఇంట్లో నేనూ బొంత ముక్కలు దారం తెంపకుండానే కుడతాను. మా ఆయన చొక్కాల మీద మాత్రం ఇంకా కత్తెర పెట్టలేదు.