ఎర్ర రేకుల ఇల్లు

మా అత్తగారు తుంటి ఎముక విరిగి మంచాన పడ్డప్పుడు, కాలక్షేపంగా ఉంటుందని టీవీలో అగ్నిపర్వతం పెట్టాను. సీరియల్ పెడితే కోడళ్ల మీద వ్యాఖ్యానం మొదలవుతుంది, ఆ గోల నాకెందుకు? ఐస్‌లాండ్‌లో ఎవరో కొండకెదురుగా కెమెరా బిగించి, రోజంతా నెట్‌లో లైవ్ చూపిస్తున్నారు.

ఎర్రగా పారుతున్న లావాను చూసి ఆవిడ అడిగిన మొదటి మాట, "కొండకి పోడెట్టారేటమ్మా?"

మా నర్సీపట్నం వాళ్లకు కొండ కాలుతోందంటే వేరే అర్థం లేదు. ఎండాకాలంలో ఏజెన్సీ కొండల వైపు చూస్తే, పోడు సాగు కోసం నరికిన తుప్పలు మండుతూ కనిపిస్తాయి.

"పోడు కాదండీ, నిప్పు భూమిలోంచే వస్తోంది."

"అయితే ఎవుల్నీ తిట్టడానికి నేదన్నమాట," అని నిట్టూర్చారు.

లావాకు కాస్త దూరంలో ఎర్ర రేకుల ఇల్లొకటి ఉండేది. ఆవిడ చూపంతా దాని మీదే. అక్కడివాళ్లను ముందే ఖాళీ చేయించారని చెప్పినా వినలేదు. సాయంత్రం ఇంట్లో చేసుకునే ప్రార్థనలో, మాకవరపాలెంలో ఉండే తన చెల్లెలి మోకాళ్ల నొప్పుల తర్వాత ఆ ఇల్లు కూడా చేరింది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. వారం తిరిగేసరికి, పొద్దున్నే టీ పెట్టకముందే ఆ ఇల్లుందో లేదో నేనే చూసుకునేదాన్ని.

ఒకరోజు చూస్తే లేదు. నల్లటి గుట్ట, దాని మీద పొగ. ఆ వారమే ఆవిడ వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేశారు. ఈ మాట చెబితే మళ్లీ మంచం దిగరేమోనని భయమేసి, పాత వీడియో వెతికి పెట్టాను. "ఉంది చూడండి," అన్నాను. ఆవిడ స్తోత్రం చెప్పుకున్నారు.

నాలుగో రోజు టీ గ్లాసు అందుకోకుండా నన్నే చూశారు.

"ఆ కొండ దారిలో పసుపు జీపు రోజూ అదే మలుపు కాడ ఆగుతాదేటి? పాతది పెట్టీసినావు కదూ?"

దొరికిపోయినప్పుడు నోరు పెంచడం నా అలవాటు. "మీ కోసమే కదండీ! మళ్లీ మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టేదెవరు?" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "సిన్నప్పుడు నేనిక్కడ మిషన్ హాస్టల్లో ఉండీదాన్ని. రోలుగుంట కాడ మా ఇల్లు కాలిపోయింది. జీడితోటలో తుప్పలకి మా నాన్నే నిప్పెట్టాడు, గాలి తిరిగిపోయింది. పిల్ల బెంగెట్టుకుంటాదని నాకెవులూ సెప్పనేదు. నెల్లాళ్లు రోజూ మోకాళ్లేసి మా ఇంటి కోసం ప్రార్థన సేసినాను. అప్పటికే నేకుండా పోయిన ఇంటి కోసం." టీ గ్లాసు అందుకున్నారు. "సెలవులకెల్లి బూడిద సూసినప్పుడు, ఇల్లు పోయినందుక్కాదు, ఆ నెల్లాళ్లు తలుసుకునే ఏడ్సినాను."

నాకు సిగ్గుతో తల వాలిపోయింది. రిమోట్ తీసుకుని లైవ్ పెట్టాను. ఆవిడ వాకర్ పట్టుకుని లేచి, టీవీ దాకా నడిచి, నల్లటి చోట వేలు పెట్టారు.

"ఇక్కడేనా?"

"అక్కడేనండీ."

ఆ సాయంత్రం ప్రార్థనలో, "ప్రభువా, ఆ ఇంటోలకి ఈ సంగతి ఎవులో ఒకలు బేగి సెప్పీలాగ సెయ్యి," అన్నారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.