పెద్దమ్మ కోసం ఆపిన మగ్గాలు

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. సోమవారం పొద్దున నూలు చుట్టే కండెల మిషన్ ముందే ఒరిగిపోయింది. కబురు తెలిసిన పది నిమిషాల్లో సిరిసిల్లలోని మా గల్లీలో మరమగ్గాలన్నీ ఆపేశారు. చనిపోయినవాళ్ళకు మావాళ్ళు ఇచ్చే మర్యాద అది. నా కడుపుమంట ఆ మర్యాద మీదే.

మా అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. ఆటిజం ఉంది. పేరు పెట్టి పిలిస్తే పలకదు, చెయ్యి పట్టుకుంటే కరుస్తుంది. మగ్గాల చప్పుడు వినిపిస్తున్నంతసేపూ కుదురుగా కూర్చుంటుంది. చప్పుడు ఆగిందా, దాన్ని వెతుక్కుంటూ ఎటో వెళ్ళిపోతుంది. ఆస్పత్రుల చుట్టూ తిరిగిన నాకు ఈ సంగతి తెలియలేదు. కండెలకు నూలు చుట్టుకుని బతికే పెద్దమ్మ కనిపెట్టింది.

అప్పటినుంచి మగ్గాలకు సెలవైన రోజున ఆమె పని లేకున్నా తన మిషన్ తిప్పేది. పక్కన కూర్చున్న మా అమ్మాయి ఖాళీ కండె చాపితే అందుకుని, "మంచిగిచ్చినవ్ బిడ్డా" అనేది. వందసార్లు చాపితే వందసార్లూ అనేది. కరెంటు పోతే మా గడపకు అడ్డంగా కూర్చునేది.

గల్లీలో ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. "పొల్ల బయట కనవడితె చెయ్యి వట్టి గుంజకుండ్రి. పక్కపొంటి నడువుండ్రి. నాకు ఖబర్ చేయుండ్రి." ఒకసారి, "నేను సచ్చిననాడు గూడ ఒక్క మగ్గమన్న నడ్వనియ్యుండ్రి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సోమవారం ఆమె కాళ్ళ దగ్గర ఏడుస్తూ మా తలుపు గొళ్ళెం పెట్టడం మరిచాను. కన్నతల్లిని, నేనే మరిచాను. చూసేసరికి ఇల్లు ఖాళీ. రెండు గల్లీల అవతల, మగ్గాలు నడుస్తున్న ఒక కార్ఖానా ముందు దొరికింది. కరెంటు స్తంభానికి తువ్వాలతో కట్టేశారు.

"పేరడిగితె చెప్పది, చెయ్యి వడితె కరిసింది. దొంగనో పిచ్చిదో మాకెట్ల తెలుస్తది?" అన్నాడు కట్టేసినవాడు.

మణికట్లు కందిపోయాయి. విప్పి, పక్కనే నడుస్తూ తెచ్చాను. మా గల్లీ మొదట్లో ఆగిపోయింది. చప్పుడు లేని చోటికి అడుగు వెయ్యనంది. ఒక్క మగ్గం నడపమని మా గల్లీ కార్ఖానా ఆసామిని బతిమాలాను.

"శవం వాకిట్ల వెట్టుకోని మగ్గం నడుపుతరా? మంది మొకాన ఉమ్మరా?" అన్నాడు. అదే నోటితో పొద్దుటినుంచి పెద్దమ్మను బంగారమసోంటి మనిషి అంటూనే ఉన్నాడు. ఆ బంగారం అడిగిన ఒక్క మాట మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఇక ఎవరినీ అడగలేదు. పెద్దమ్మ ఇంట్లోకి పోయి ఆమె మిషన్ స్విచ్ వేశాను. "గిదేం పనే?" అని అరిచారు. అరవనీ. మా అమ్మాయి వచ్చింది. జనాన్ని దాటుకుంటూ వచ్చి తన చోట కూర్చుని, గంపలోంచి ఖాళీ కండె తీసి పక్కకు చాపింది.

పాడె లేచింది. గల్లీ అంతా వెనకే నడిచింది. నేను వెళ్ళలేదు. రేపటినుంచి దీన్ని ఎవరు కాస్తారన్న భయంతో పెద్దమ్మ చోట కూర్చున్నాను. చాపిన చెయ్యి అట్లాగే ఉంది. "మంచిగిచ్చినవ్ బిడ్డా" అంటూ కండె అందుకోబోయాను. నాకు ఇవ్వలేదు.