మా మెస్ పంపని పొట్లాలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా ఇలాంటి కథ మొదలుపెడితే "మీరు కళ్లారా చూశారా?" అని అడిగి నోరు మూయించే రకాన్ని. ఇప్పుడు అదే మాట నన్నడిగితే చూశాననీ చెప్పలేను, లేదనీ చెప్పలేను.

తెనాలిలో మా అక్కా నేనూ మెస్ నడిపేవాళ్లం. వంట అక్కది, కౌంటరూ పోట్లాటలూ నావి. అక్కది ఎడమచేతి వాటం. రేపల్లె రొయ్యల ఇగురు కొల్లూరు అరిటాకులో పెట్టి, పురికొస అందరూ చుట్టేదానికి ఎదురు దిక్కున చుట్టి ముడేసేది. పార్శిళ్లు వెనక కిటికీలోంచే ఇచ్చేది. కౌంటర్ దగ్గర ఇవ్వమంటే వినేది కాదు. అసలు నా మాట ఏదీ వినేది కాదు.

ఊళ్లో ఫుడ్ డెలివరీ కంపెనీలు రెండు. ఒకదాన్ని చూస్తే ఇంకోదానికి కడుపుమంట. మా ఒక్కరితోనే ఉంటే కమీషన్ తగ్గిస్తాం, యాప్‌లో మీ మెస్ పైన కనపడేలా చూస్తాం అంది మొదటి కంపెనీ. సంతకం పెట్టాను. కొన్నాళ్లకే అక్క కాన్సర్‌తో పోయింది. సమాధుల తోటలో దించి వచ్చాక ఆ కిటికీ వైపు చూడలేకపోయాను. ఇటుకలు పెట్టించి ప్లాస్టరింగ్ చేయించేశాను.

వంటకి మనిషిని పెట్టుకున్నాను. రుచి పడిపోయింది. వచ్చి తినేవాళ్లు తగ్గారు. ఆ కంపెనీ ఆర్డర్లే మెస్‌కి ఊపిరి.

వేసవిలో వాళ్ల మేనేజరు మొహం ఎర్రగా చేసుకుని వచ్చాడు. "ఏంటి మేడమ్, అవతలి వాళ్లతో కూడా చేస్తున్నారా?" అని ఫోన్ చూపించాడు. రెండో యాప్‌లో మా మెస్. మా అడ్రసే. కింద ఎవరో ఫోటోలు పెట్టి రాశారు, పాత రుచి మళ్లీ వచ్చిందని.

"మమ్మల్ని అడక్కుండా వాళ్లే పెట్టేసుకుని ఉంటారు. మీరు మాత్రం తక్కువ తిన్నారా?" అని దులిపేశాను. నిజంగా అలాగే అనుకున్నాను.

కానీ ఆ ఫోటోలు? అరిటాకు, పురికొస. పేరంటే దొంగిలిస్తారు, ఇగురు ఎక్కడినుంచి తెస్తారు?

మర్నాడు మధ్యాహ్నం కౌంటర్‌లోనే కూర్చుని, ఎదురు మందుల షాపు అడ్రస్ పెట్టి రెండో యాప్‌లో ఇగురు ఆర్డర్ చేశాను. లోపల మా వంటమనిషి సాంబారు కాస్తున్నాడు, అంతే. కాసేపటికి షాపు ముందు బండి ఆగింది. నడివయసు మనిషి. నేను రోడ్డు దాటి ఎక్కడ తీసుకున్నావని అడిగాను.

"మీ వెనక కిటికీలోనేనండి, రోజూ ఇచ్చేచోటే."

"ఎవరిచ్చారు?"

"పొగలో మొహం కనపడదండి, చెయ్యే. ఎడం చేత్తో ఇస్తారేంటండి, అదొక్కటే మాకు పట్టింపు."

వెనక్కి తీసుకెళ్లాను. గోడ చూశాడు. ప్లాస్టరింగ్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. బండెక్కి వెళ్లిపోయాడు.

పొట్లం వేడిగానే ఉంది. పురికొస ఎదురు దిక్కున చుట్టి ఉంది. ఒక ముద్ద తిన్నాను. రెండోది తినకుండా పొట్లం కట్టేశాను.

సాయంత్రం మేనేజరు ఫోన్. అవతలి వాళ్లకి వండడం ఆపితే సరే, లేదంటే రేపే మిమ్మల్ని మా యాప్‌లోంచి తీసేస్తాం అన్నాడు. తీసేస్తే మెస్‌కి తాళమే. ఆపమని ఎవరికి చెప్పను?

ఇంకా వెలుతురు ఉండగానే వెనక్కి వెళ్లి, ఎవరూ లేరని చూసుకుని, గోడకి ఎదురుగా నిలబడ్డాను. "అక్కా, ఇక ఆపు. మెస్ మూతపడుతుంది" అన్నాను. గోడ ముట్టుకుంటే కాలుతోంది. వేసవి కదా అనుకున్నాను. కానీ ఆ గోడకి ఎండ తగలదు.

మర్నాటి నుంచి రెండో యాప్‌లో మా మెస్ లేదు. మొదటి కంపెనీ శాంతించింది. మెస్ నడుస్తూనే ఉంది, అదే చప్పటి సాంబారుతో.

వండిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చెప్పగానే ఆపిందెవరో అంతకన్నా తెలియదు. మా అక్క బతికుండగా ఒక్కసారి కూడా నా మాట వినలేదు.