మేనమామ స్పీకర్లకు నేను రాసిన నిజాయితీ సమీక్ష

ఆ రోజుల్లో నా చెవుల మీద నాకు చెప్పలేనంత గౌరవం ఉండేది. డెంకణికోట పక్కన మా రాగి చేలో ఏనుగు దిగితే ఇంటిల్లిపాదికంటే ముందు వీడికే వినబడుతుందని మా నాయన ఎప్పుడో నలుగురిలో అన్నాడు, అక్కడ మొదలైంది జబ్బు. (అందరికంటే నాకు భయం ఎక్కువ కాబట్టి ముందు వినబడేదని ఇప్పుడు తెలుస్తోంది.) హోసూరులో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో చేరాక అది ఇంకా ముదిరింది. వారమంతా ఎదుటివాళ్ళు చేసిన వస్తువుల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఆదివారం అదే పని సరదాకి చేసేవాణ్ణి.

హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల సొంతంగా స్పీకర్లు కట్టుకునే పిచ్చివాళ్ళం కొందరం ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఎవరైనా కొత్త జత కడితే నెల రోజులు నా గదిలో ఉంచాలి, నేను విని సమీక్ష రాసి తిరిగి ఇచ్చేయాలి. అదీ పద్ధతి. "చెవులాయన ఏమంటాడో చూద్దాం" అని అందరూ ఎదురు చూస్తుంటే నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది. గ్రూపు నడిపే ఆయన్ని బేస్ అన్న అనేవాళ్ళం. ఆయన స్పీకర్లలో డప్పు మోగితే కిటికీ అద్దాలు అదిరేవి. ఆయన తన జత ఇచ్చి నెలైనా, ఏడాదైనా తిరిగి అడగలేదు. నేనే మొహమాటానికి కదిపితే, "వినేదానికే గదా తమ్ముడూ, నీ కాడే ఉండనీ" అన్నాడు. ఉండనిచ్చాను. ఆ తర్వాత ఆయన కట్టిన దేంట్లోనూ నాకు ఒక్క లోపం వినబడలేదు. లంచమంటే బల్ల కింద నుంచి ఇచ్చేదని నా అభిప్రాయం. ఇవి బల్ల మీదే, వచ్చినవాళ్ళందరికీ కనబడేలా ఉండేవి.

మా మేనమామది మత్తూరు. ఇరవై ఏళ్ళకు పైగా ఫిట్టరుగా చేసిన కంపెనీ మూతపడి, ఆ వయసులో ఇంకెవరూ పనిలోకి తీసుకోక, ఇంట్లో కూర్చున్నాడు. ఊరికే కూర్చునే మనిషి కాదు. పనస చెక్కతో పెట్టెలు కోసి, పాత సామాన్లు ఏరుకొచ్చి, నాలుగు నెలలు కష్టపడి ఒక స్పీకర్ల జత కట్టాడు. కృష్ణగిరిలో పాటల బడి నడిపే టీచరమ్మ ఆ పెట్టెల్ని చూసి ముచ్చటపడి, మీ గ్రూపులో బాగున్నాయని రాస్తే మా గదులన్నింటికీ మీ చేతే చేయిస్తానంది. మామ బస్సులో రెండు పెట్టెల్నీ ఒళ్ళో పెట్టుకున్నంత పని చేసి నా గదికి తెచ్చాడు. "ఈ ఒక్క పని కుదిరితే చాలప్పా, మళ్ళా ఒకరి గేటు కాడ పోయి నిలబడే పని ఉండదు," అన్నాడు. అప్పుడు ఆయన కళ్ళలోకి సరిగా చూసి ఉంటే బాగుండేది. నేను పెట్టెల అంచులు చూస్తున్నాను.

సమీక్షకు ఫోటోలు తీయాలి. వెనక తీగలు తగిలించే చోట, రెండు నల్ల మరల్లో ఒకదాని పక్కన కుంకుమ బొట్టు ఉంది. రెండు పెట్టెలకూ ఉంది. ఆయుధపూజకు పెట్టినట్టున్నాడు, మామ భక్తి మామది, మన ఫోటో మనది అనుకుని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాను. తర్వాత తీగలు తగిలించి కూర్చున్నాను. పాట మొదలైంది గానీ మృదంగం ఎటో పోయింది, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియడం లేదు.

ఇక్కడే నా నిజాయితీ నిద్ర లేచింది. మేనమామని మెచ్చుకుంటే జనం ఏమంటారు? అందుకని మొదటి వాక్యమే, "వీటిని చేసినవారు నాకు స్వయానా మేనమామ, అయినా నా చెవులకు బంధువులు లేరు" అని రాశాను. తర్వాత ఉతికి ఆరేశాను. పెట్టెలు పెళ్ళిలో అలంకారానికి పెట్టడానికి బాగుంటాయి, పాటకు పనికిరావు అన్నాను. గ్రూపంతా చప్పట్ల బొమ్మలే. "సొంత మామని గూడా వదల్లేదు సూడు, అదీ మనిషంటే," అన్నాడు బేస్ అన్న. పాటల బడి పని ఆయనకే వెళ్ళింది. నా బల్ల మీది జత గురించి నేను ఏ వాక్యంలోనూ రాయలేదు.

మామ ఫోన్ చేశాడు. "తీగలు సరిగా తగిలిచ్చినావా అప్పా?"

"మామా, నేను క్వాలిటీలో పని చేస్తున్నాను," అన్నాను.

"సరేలేప్పా. నువ్వు రాసినాక ఇంకేముంది," అన్నాడు. వారం తర్వాత వచ్చి పెట్టెలు తీసుకుపోయాడు. ఆ నెలలోనే ఒక గ్రానైటు యార్డు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడని తెలిసింది. ఆ దుమ్ములో మూడేళ్ళు నిలబడ్డాడు. తర్వాత దగ్గు పట్టుకుంది, అది వదల్లేదు. మామ పోయాడు.

పదకొండో రోజు అందరూ భోజనాలు చేసి వెళ్ళాక, పెట్టెలు మూలన కనబడితే దుమ్ము దులుపుదామని గుడ్డ పట్టుకున్నాను. వెనక కుంకుమ బొట్టు మళ్ళీ ఉంది.

"అది తుడవద్దప్పా," అంది అత్త. "మరలు రెండూ నల్లవే దొరికినాయి. ప్లస్సు యాడుందో తెలిసేదానికి బొట్టు పెట్టినాడు మీ మామ."

నేను గుడ్డ పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయాను. ఒక పెట్టెకు తీగలు తిరగేసి తగిలిస్తే రెండింటి శబ్దాలూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మృదంగం మాయమవుతుంది. గ్రూపులో కొత్తగా చేరినవాళ్ళకు నేనే నేర్పిన మొదటి పాఠం అది.

"మామకు తెలుసా అత్తా?"

"నువ్వు తిరిగిచ్చిన దినమే చూసినాడు. బొట్టు తుడిచేసుండాడే అని ఊరికే నవ్వినాడు."

"మరి నాకు చెప్పలేదే?"

"నేనూ అడిగినాను. నలుగురిలో పేరుండే పిల్లోడు, మన వల్ల వాని మాట పోకూడదు అన్నాడు."

బొట్టు చూసుకుని తగిలించాను. మామ వినే పాత నాదస్వరం పెట్టాను. ఇంత చక్కటి స్పీకర్లు నా బల్ల మీదికి అంతకుముందు రాలేదు, ఆ తర్వాత రాలేదు. అత్త వంటింటి గడప దగ్గర కూర్చుని చివరిదాకా వింది. నేను సిగ్గులేకుండా ఏడ్చాను.

ఆ సాయంత్రమే గ్రూపులో అంతా రాశాను, బొట్టు సంగతి, నా బల్ల మీది జత సంగతి కూడా. అప్పటికి గ్రూపులో గుడ్ మార్నింగ్ పూలు, ఇళ్ళ స్థలాల ప్రకటనలే మిగిలాయి. చాలాసేపటికి బేస్ అన్న ఒక్కడే జవాబిచ్చాడు. "పోయిన మేనమామను మెచ్చుకుంటే ఎవరు నమ్ముతారు తమ్ముడూ? బంధుప్రీతి అంటారు."

ఇప్పుడు మా ఇంట్లో టీవీ కొన్నా, మిక్సీ కొన్నా ముందు తీగ దగ్గర ఇంత కుంకుమ పెడతాను. నాకు ఆలస్యంగా భక్తి పుట్టిందని మా ఆవిడ అందరికీ చెప్పుకుంటుంది. నేను కాదనను. తడిగుడ్డ పట్టుకుని అంత శ్రద్ధగా, అంత నిజాయితీగా తుడిచిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఒక్కోసారి నవ్వొస్తుంది. మామ కూడా అలాగే నవ్వి ఉంటాడు.