నాపరాళ్ల సంచీ

కడప జిల్లాలో నేను లెక్కలు నేర్పలేని మనిషి ఇంకా పుట్టలేదు. రిటైరై ఇంట్లో కూర్చున్నవాణ్ణి బతిమాలి, కారు పంపి మరీ డిజైన్ కాలేజీవాళ్లు పిలిపించుకున్నారు. కారు మాట వదిలేయండి, ఎర్రగుంట్ల నుంచి బస్సులోనే పోయేవాణ్ణి. బతిమాలింది కూడా నేనే.

బట్టల మీదికీ గోడల మీదికీ డిజైన్లు గీసే ఆ పిల్లలకు లెక్కలంటే గుబులు. అందుకని ఒక్కొక్కరికి ఒక్కో దారి పెట్టాను. చూస్తే పట్టుకునేవాళ్లకు రంగుల బొమ్మలు, వింటే పట్టుకునేవాళ్లకు కథలు. ఒకమ్మాయికి మాత్రం సంచీడు నాపరాళ్ల ముక్కలు. వాళ్ల నాయన ఇళ్లలో బండలు పరుస్తాడని తెలిసిన రోజే అది తేల్చేశాను.

"నీకు చేతికిస్తే శానా తొందరగా వస్తాది పాపా," అన్నాను. ఆమె నవ్వుతూ సంచీ అందుకుంది.

ఆరుపలకల ముక్కలను సందు లేకుండా పేర్చేది. అవి ఎందుకు అలా అతుకుతాయో కాగితం మీద రాయమంటే పెన్ను కదిలేది కాదు. నేను పేర్పు చూసి మురిసిపోయాను. పరీక్ష తప్పింది. రెండోసారీ తప్పితే సీటు పోతుందని ఆఫీసులో చెప్పారు.

మరుసటి రోజు ఇంకా పెద్ద సంచీ మోసుకుపోయాను. ఆమె దాన్ని పక్కకు జరిపింది.

"రాళ్లు మా ఇంట్లోనే ఉండాయి సార్. బోర్డు మీద రాయండి. ఒక్కో మెట్టూ."

రాశాను. అలవాటుగా ఒకచోట రెండు మెట్లు దూకాను.

"ఇది యాడనుంచి వచ్చె?"

ఇన్నేళ్లూ అక్కడ దూకుతూనే ఉన్నాను. ఎవరైనా అడిగారో లేదో కూడా గుర్తు లేదు. రెండోసారి పరీక్షకు వారం కూడా లేదు. ఆమెకు ఆ కాస్త గడువే మిగలడానికి కారణం నేనేనని తోచి, దూకిన రెండు మెట్లూ మధ్యలో ఇరికించి రాశాను.

పరీక్ష రోజు హాలు బయట కొత్త లెక్చరరొకాయన నాకు తోడు నిలబడ్డాడు. నా నోరు ఊరుకోదు కదా.

"ఆ పాపకు బోర్డే సరిపడుతుందని నేనే కనిపెట్టినానప్పా. ముందు రాళ్లిచ్చి చూస్తి. నవ్వుతానే తీసుకునె గానీ, నాకు అప్పుడే అనుమానం వచ్చె."

ఆమె ఎప్పుడు బయటికి వచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది. ఎట్లా రాశావని అడగబోయాను.

"చివరి లెక్కకు టైం చాల్లేదు సార్," అంది. "మీరు సంచీ ఇచ్చిన పొద్దు నేను నవ్వలేదు. బోర్డు మీద రాయండని అప్పుడే అడిగినా. మీరు సంచీలోంచి కిందపడిన రాళ్లు ఏరుకుంటాంటిరి."