తొమ్మిదీ పదికి వచ్చే చుక్క

ఆఫీసులో ఆమెను చుక్కలమ్మ అనేవారు. అందులో సగం వేళాకోళం, సగం భయం. కంపెనీ అనుకున్న దారిలోనే నడుస్తోందా లేదా అన్నది ఒక్క తెర మీద చూపించే సాఫ్ట్‌వేరు తయారుచేయడం ఆమె పని. డబ్బు, కొనేవాళ్ళు, లోపలి పనులు, మనుషులు కొత్తగా నేర్చుకునేది అని తెరకు నాలుగు భాగాలు. ఒక్కో లక్ష్యానికి ఒక చుక్క, ఆ చుక్కకు ఒక బాధ్యుడు. పని సవ్యంగా ఉంటే ఆకుపచ్చ, కుంటుపడితే పసుపు, మునిగితే ఎరుపు. డబ్బొక్కటే చూసుకునే కంపెనీ అద్దంలో సగం మొహమే చూసుకుంటుందని ఆమె నమ్మకం. నమ్మకం మంచిదే, ఆమె చేసిన తప్పు వేరే ఉంది.

ఆమెకు పదహారేళ్ళప్పుడు తల్లి పోయింది. ఆరేళ్ళ తమ్ముణ్ణి కంటికి రెప్పలా పెంచింది. పెద్దయ్యాక వాడు ఏ పనిలోనూ కుదురుగా నిలబడకపోతే, తన సాఫ్ట్‌వేరు కొన్న బట్టల మిల్లులోనే బాయిలర్ గదిలో చేర్పించింది. తెలిసిన చోటు, కళ్ళెదుట ఉంటాడనుకుంది.

ఆ మిల్లు మేనేజరుకు రంగు లేని చుక్క కనిపిస్తే గిట్టదు. "పెద్దవాళ్ళ మీటింగులో బోసిగా కనబడుతోందమ్మా, ఏదో ఒక రంగు పడేయండి" అని చెవిలో జోరీగలా పోరుపెట్టాడు. పోరు పడలేక ఆమె ఒక నియమం రాసింది. ఎవరైనా వివరం నింపకపోతే, కిందటిసారి రంగే కొనసాగుతుంది. ఆ ఒక్క లైనే కొంప ముంచింది. రెండేళ్ళకల్లా తెరంతా ఆకుపచ్చ. పైన పటారం, లోన లొటారం.

ఆ తెరలో ఆమెకు ఇష్టమైన చుక్క ఒకటే. బాయిలర్లో ఆవిరి ఎక్కువైతే బయటికి వదిలే సేఫ్టీ వాల్వుది. దాని బాధ్యుణ్ణి మిల్లులో అందరూ పెద్దాయన అనేవారు. రోజూ ఉదయం తొమ్మిదీ పదికి వాల్వు చూసి, ఎవరూ ముట్టని వివరాల పెట్టెలో ఒక్క మాట రాసేవాడు. "చూశాను." ఆదివారం మాత్రం సెలవు. ఈమధ్య పనుల్లో పడి ఆమె రంగు చూడడమే తప్ప ఆ పెట్టె తెరవలేదు.

ఒక రోజు మిల్లుకు వెళ్ళినప్పుడు, ఆ ఒక్క మాట మనిషిని చూద్దామని ఆమె బాయిలర్ గదిలోకి దిగింది. కుర్చీ మీద వేలు మందాన దుమ్ము. మేకుకు టోపీ. మూలన ఆయన రాసే కంప్యూటరుకు వైరు కూడా లేదు, దాని మీద టీ గ్లాసులు బోర్లించారు.

"పెద్దాయన ఏరిరా?"

తమ్ముడు వింతగా చూశాడు. "ఆయన పోయి ఏడు నెలలైందిగా అక్కా! నీకు చెప్పలేదూ?"

"మరి వాల్వు ఎవరు చూస్తున్నారు?"

"ఎవరో చూస్తూనే ఉంటారులే. తెర మీద ఆకుపచ్చే ఉందిగా."

 తను రాసిన నియమమే చచ్చిపోయిన మనిషి చుక్కను వెలిగిస్తోంది, ఆ వెలుగు నమ్ముకుని తను పెంచిన పిల్లాడు బాయిలర్ పక్కన నిలబడ్డాడు. మెట్లెక్కి మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఆయన వద్దంటున్నా వినకుండా ఆ నియమం తీసేసి, నెల రోజులుగా ఎవరూ నింపని చుక్క బూడిదరంగులోకి మారేట్టు రాసింది.

తెర మీద చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోసాగాయి. డబ్బు భాగం, తర్వాత కొనేవాళ్ళు, తర్వాత మిగతావి. యాభై రెండింటిలో యాభై ఒకటి బూడిదైపోయాయి. తిలాపాపం తలా పిడికెడు. 

ఒక్కటి మాత్రం ఆకుపచ్చగా ఉంది. వాల్వుది.

ఆమె ఆ చుక్క మీద నొక్కింది. నిన్న, తొమ్మిదీ పది, "చూశాను." మొన్న, తొమ్మిదీ పది, "చూశాను." ఏడు నెలలూ అంతే. బతికున్నప్పుడు ఆదివారాలు మానినవాడు, పోయాక ఒక్క ఆదివారమూ మానలేదు. 

గోడ గడియారం తొమ్మిదీ పది చూపింది. ఆమె కళ్ళ ముందే చుక్క ఎర్రబడింది. "చూశాను. ఆపండి."

"ఒరేయ్, బాయిలర్ ఆపి బయటికి రా! అందర్నీ తీసుకురా! ఎందుకని అడక్కు!" అని ఫోనులో అరిచింది. అక్క అలా అరవడం వాడు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అందుకే అడగలేదు.

బాయిలర్ చల్లారాక వాల్వు విప్పారు. లోపల సున్నం పేరుకుని రాయిలా బిగుసుకుపోయింది. ఇంకాసేపుంటే గది పైకప్పు లేచిపోయేదని ఫిట్టరు చెప్పాడు. "మన సిస్టం భేషుగ్గా పనిచేసిందమ్మా!" అన్నాడు మేనేజరు. ఆయనకు సిగ్గనేది ఏ భాగంలోనూ లేదు. కంప్యూటర్ల వాళ్ళు వచ్చి వెతికి, ఏదో పొరపాటని రాసుకుని వెళ్ళారు. ఆమె వాదించలేదు, పెద్దాయన పేరు తీసేసి తమ్ముడి పేరు పెట్టింది. ఆ రాత వాడి ఫోన్లోంచి తప్ప ఇంకెక్కడినుంచీ రాకుండా కట్టుదిట్టం చేసింది.

మూడు వారాలు వాడు బుద్ధిగా చూశాడు. నాలుగో సోమవారం తొమ్మిదీ పదికి ఆమె తన ఆఫీసులో తెర తెరిచింది. తమ్ముడి పేరు పక్కన ఒక్క మాట ఉంది.

"చూడలేదు."

వెంటనే తమ్ముడికి ఫోను చేసింది. "వాల్వు చూశావా?"

"ఆఁ, చూశానక్కా. ఇప్పుడే."

"తెరలో ఏం రాశావు?"

"ఇంకా ఏమీ రాయలేదే. ఫోను జేబులోనే ఉంది."

 అవతల వాడి ఊపిరి వినిపిస్తోంది. వాడి గొంతు చిన్నదైపోయింది. "అక్కా... నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తార్రా. లే, కిందికెళ్ళి వాల్వు చూడు."

బాయిలర్ గది ఇనుప మెట్ల మీద కిందికి పరుగెత్తుతున్న వాడి అడుగులు వినిపించాయి. వాటి వెనకే, తొందర లేకుండా దిగుతున్న మరో జత అడుగులు. ఆమె ఫోను పెట్టేయలేదు.